డూమ్స్‌డే క్లాక్, కరెంటు బిల్లు: అనంతపురం నుంచి ఒక కేస్ స్టడీ

లోకం ఏమైపోతుందోనన్న బెంగతో కౌన్సెలర్‌నైన నా దగ్గరకి వచ్చిన ఒక టీచరు కథ ఇది, ఆయన, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వయసు, ఊరు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. సమస్య ఎలా మొదలై ఎలా నడిచిందో అది మాత్రం ఉన్నదున్నట్టే ఉంది. ఇలాంటివాళ్లు ఈమధ్య ఎక్కువగానే వస్తున్నారు, వచ్చినవాళ్లలో చాలామందికి ఇంట్లో అప్పటికే "పిచ్చి ఆలోచనలు మానెయ్" అనే వైద్యం ఒక విడత అయిపోయి ఉంటుంది కాబట్టి, ఈ కేసు కొంచెం వివరంగా రాయాలనిపించింది.

నేపథ్యం

నలభై అయిదు దాటిన మనిషి, హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తారు. ఇక్కడ అయ్యవారు అందాం. ఇంట్లో భార్య, అప్పుడే ఇంటర్ పూర్తి చేసిన కూతురు, బీపీ ఉన్న తల్లి. పల్లెలో అన్నతో కలిసి మెట్ట పొలం ఉంది, ఒకప్పుడు అంతా చెనిక్కాయే వేసేవాళ్లు.

అనంతపురం సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇక్కడ సాలుకి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ, అదీ పదును కావాల్సిన రోజుల్లో పడుతుందన్న నమ్మకం లేదు. 2022 అక్టోబర్‌లో నడిమివంక వాగు పొంగి టౌన్లో కాలనీలు మునిగాయి. ఆ తర్వాతి ఏడాది ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్క చూస్తే అతి తక్కువ వాన పడిన ఆగస్టు. ఇలాంటి చోట ఉన్న మనిషి "వాతావరణం చెడిపోయింది సార్" అంటే అది వట్టి ఊహ అని కొట్టిపారేయడానికి లేదు, ఈ కేసులో నేను మొదట గుర్తు పెట్టుకున్న విషయం ఇదే.

ఆయనకి చదివే అలవాటు మొదట్నుంచీ ఉంది. కోవిడ్ రోజుల్లో ఫోన్ చేతికి అతుక్కుంది, 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలయ్యాక అది రాత్రుళ్లకీ పాకింది. 2023 జనవరిలో డూమ్స్‌డే క్లాక్‌ని అర్ధరాత్రికి 90 సెకన్ల దూరానికి జరిపారు. అణు శాస్త్రవేత్తల పత్రిక ఒకటి 1947 నుంచి నడుపుతున్న గుర్తు అది, మనుషులు తమని తాము నాశనం చేసుకోడానికి ఎంత దగ్గర్లో ఉన్నారో చెప్పడానికి పెట్టుకున్నది. నిజం గడియారం కాదని ఆయనకి నాకంటే బాగా తెలుసు. అయినా రోజూ నిద్రపోయే ముందు అది కదిలిందేమో చూసేవారు. ఏడాదికి ఒకసారే ప్రకటిస్తారని తెలిసి కూడా.

వచ్చిన సమస్య

2023 చివర్లో భార్య తీసుకొచ్చారు. ఆయన ఫిర్యాదు నిద్ర లేకపోవడం, గుండె దడ, క్లాసులో మధ్యలో మాట ఆగిపోవడం. ఆమె ఫిర్యాదు వేరే, ఆమెతో విడిగా మాట్లాడినప్పుడు బయటికొచ్చింది.

"సార్, ఈయప్పకి అంటార్కిటికాలో మంచు ఎంత కరిగిందో తెలుసు. ఇంట్లో గ్యాస్ అయిపోయిందని తెలీదు. అత్తమ్మ బీపీ మాత్రలు అయిపోయి నాలుగు రోజులాయ, తెస్తానంటాడు, తేడు. కరెంటు బిల్లు కట్టలేదని కరెంటోళ్లు వచ్చి కనెక్షన్ పీకి పోయినారు. వానికి జీతం రాకనా? వస్తాంది గదా!"

అన్నిటికన్నా పెద్ద దెబ్బ కూతురి ఇంజనీరింగ్ సీటు కౌన్సెలింగ్. ఈఏపీసెట్ ర్యాంకు బాగానే వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ఏ బ్రాంచి పెట్టాలన్నది ఆయన చూస్తానన్నారు. చూశారు కూడా, రాత్రి మూడింటి దాకా. కృత్రిమ మేధ వచ్చాక ఏ ఉద్యోగం మిగులుతుంది, అసలు ఇరవై ఏళ్ల తర్వాత ఉద్యోగాలనేవి ఉంటాయా, బెంగుళూరులో తాగడానికి నీళ్లు ఉంటాయా అని చదువుతూనే ఉన్నారు. ఆప్షన్లు పెట్టే గడువు దాటిపోయింది. ఆ పిల్ల తర్వాతి విడతలో మిగిలిన సీట్లలో ఒకటి తెచ్చుకుని చేరింది, అప్పట్నుంచి నాయనతో మాట్లాడ్డం తగ్గించింది.

ఇంకొకటి, ఇది నేను అడిగితేగానీ చెప్పలేదు. మిద్దె మీద ట్యాంకు నిండి నీళ్లు కారితే ఆయన ఊగిపోతారు. మోటరు ఆపడం మర్చిపోయినందుకు భార్యని, తల్లిని పక్కింటివాళ్లకి వినిపించేలా తిట్టిన రోజులున్నాయి. మిగతా టైంలో పెద్దగా నోరెత్తని మనిషి.

నేను ఆలోచించిన తీరు

ముందు ప్రమాదం సంగతి. ఆశ లేదనే మనిషిని ప్రాణం తీసుకునే ఆలోచన గురించి నేరుగా అడగాలి, చుట్టూ తిప్పి అడిగితే చుట్టూ తిప్పే జవాబు వస్తుంది. "ఈ లోకం ఉండి ఏం లాభం అనిపిస్తుందా, నేనుండి ఏం లాభం అనిపిస్తుందా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, మొదటిదే, రెండోది ఎప్పుడూ రాలేదన్నారు. చనిపోవాలని అనిపించిందా, ఎలా అని ఎప్పుడన్నా ఆలోచించారా అని విడమర్చి మళ్లీ అడిగాను, లేదన్నారు. భార్యని విడిగా అడిగినా అదే మాట. పాఠం చెప్పడంలో ఇష్టం పోలేదు, తిండి తగ్గలేదు. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 11 వచ్చింది, అది కొంత నిద్రలేమి లెక్క. ఆందోళన కొలిచే జీఏడీ-7లో మాత్రం 21కి 16. పది దాటితేనే గట్టిగా చూడాల్సిన విషయం. థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించాం, మామూలుగానే ఉన్నాయి.

ఓసీడీ, అంటే అదే ఆలోచన, అదే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు అనుకోవచ్చా? ఫోన్ చూడ్డం, కాసేపు ఊరట, మళ్లీ చూడ్డం, ఆ చక్రం అలాగే ఉంది. కానీ ఓసీడీలో చాలామందికి తమ భయం అర్థం లేనిదని లోపల ఎక్కడో తెలుస్తుంటుంది, ఈయన భయాలకి ఆధారాలున్నాయి. భ్రమ అనడానికి అంతకన్నా లేదు, చెప్పేవన్నీ పేపర్లో వచ్చేవే. చివరికి జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్, అంటే చాలా విషయాల గురించి ఆగకుండా ఉండే ఆందోళన అని రాసుకున్నాను. రాసుకోవడం సులువే. చిక్కంతా ఎక్కడంటే, మామూలుగా ఆందోళనతో వచ్చినవాళ్లని "మీరు భయపడేది జరిగే అవకాశం ఎంత?" అని అడుగుతాం, సగం బరువు అక్కడే దిగుతుంది. ఈయన్ని ఆ ప్రశ్న అడిగితే ఐక్యరాజ్యసమితి నివేదికలోంచి జవాబు చెప్తారు.

అందుకే ఆ ప్రశ్న పక్కన పెట్టి ఇంకోటి పట్టుకున్నాను. ఈ ఆలోచన మొదటి పది నిమిషాల్లో మీకు తెలియనిదేదైనా తెలుస్తుంది సరే, ఆ తర్వాతి మూడు గంటల్లో ఏం జరుగుతుంది? దీనికి ఆయన దగ్గర జవాబు లేదు.

ఏవి పని చెయ్యలేదు

నా దగ్గరకి రాకముందే కుటుంబ డాక్టర్ ఒకరు వార్తలు పూర్తిగా మానెయ్యమన్నారు. మొదట్లో బాగానే నడిచింది, తర్వాత భార్య ఫోన్లో దొంగతనంగా చూడ్డం మొదలైంది, దానికి తోడు దొరికిపోతానన్న టెన్షన్. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్తే మనసు దాని చుట్టూనే తిరుగుతుందని 1987లో డేనియల్ వెగ్నర్ బృందం ప్రయోగం చేసి చూపించింది. ఇక్కడ జరిగింది అదే. పైగా లోకం గురించి తెలుసుకోవడం ఆయన దృష్టిలో చదువుకున్న మనిషి బాధ్యత. మానెయ్యమంటే, బాధ్యత లేకుండా బతకమన్నట్టు వినపడింది.

బంధువులు "ఏం కాదులే" అన్నారు. ఏం కాదని వాళ్లకెలా తెలుసని ఈయన అడిగారు. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

నేనొక సెషన్ మొత్తం మంచి వార్తలకి కేటాయించాను. నమ్మకం ఎంత గట్టిగా ఉందో, ఎటు వంగుతుందో చూడాలి కదా. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఓజోన్ పొర కోలుకుంటున్న సంగతి, మశూచి పోయిన సంగతి మాట్లాడాం. ఆయన అన్నీ ఒప్పుకున్నారు. "నిజమే సార్, అయితే" అని ప్రతిదానికీ ఒక తోక తగిలించారు. సెషన్ డిబేట్‌గా మారింది, ఆ డిబేట్లో ఆయన బాగా ప్రిపేరై వచ్చిన మనిషి. అంకెలతో ఈ భయం దిగదని అక్కడ తేలిపోయింది. అయితే ఒక్క అంకె మాత్రం పనికొచ్చింది. 2021లో పది దేశాల్లో పదివేల మంది యువతని అడిగిన సర్వే ఒకటి వచ్చింది, అందులో మన దేశమూ ఉంది, వాతావరణ మార్పు గురించి బాగా లేదా విపరీతంగా భయపడుతున్నామన్నవాళ్లు 59 శాతం. ఇది చెప్పగానే ఆయన భుజాలు కొంచెం దిగాయి. భయం తగ్గి కాదు, తనకి పిచ్చి పట్టలేదని తెలిసి.

మందు గురించి. నేను మందులు రాయను, సైకియాట్రిస్ట్ దగ్గరకి పంపాను, ఆయన ఆందోళన తగ్గించే ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. కొన్ని వారాలకి దడ తగ్గింది, నిద్ర కొంత కుదిరింది. మందు లేకపోతే తర్వాతి పని ఏదీ జరిగేది కాదనే అనుకుంటున్నా. కానీ నిద్ర పట్టిన మనిషి కూడా గ్యాస్ బుక్ చెయ్యలేదు!

నోట్‌బుక్

1983లో బోర్కోవెక్, ఆయన సహచరులు ఒక పద్ధతి పరీక్షించారు. చింతించడానికి రోజూ ఒకే చోట, ఒకే టైంలో అరగంట పెట్టుకోవాలి, మిగతా టైంలో చింత వస్తే "అప్పుడు చూద్దాం" అని వాయిదా వెయ్యాలి. మానెయ్యమనడం కాదు కాబట్టి ఆయన బాధ్యత చెడదు, అందుకే ఇది ఎంచుకున్నాను.

ఇంట్లో సాయంత్రం పెట్టుకుంటే కుదర్లేదు. కుక్కర్ విజిల్, తల్లి పిలుపు, ఎవరో ఒకరు రావడం. స్కూల్ వదిలాక స్టాఫ్ రూంలో పెట్టుకున్నారు, అక్కడ కుదిరింది. రెండొందల పేజీల నోట్‌బుక్, పేజీ మధ్యలో గీత. ఎడమవైపు లోకం సంగతులు, కుడివైపు ఇంటి సంగతులు. కుడివైపు రాసే ప్రతిదానికీ పక్కన తేదీ, ఖర్చు, ఎవరికోసం అనేది రాయాలి. ఎడమవైపు కూడా అవే మూడూ రాయడానికి ప్రయత్నించమన్నాను. కావాలనే.

మొదట తెచ్చిన పేజీ నాకిప్పటికీ గుర్తుంది. సైన్స్ అయ్యవారి చేతిరాత, స్కేలు పెట్టి గీసిన గీత. ఎడమవైపు: అణు యుద్ధం, భూమి వేడి 1.5 డిగ్రీలు, గాజా, ఏఐ, బోరు. కుడివైపు: అమ్మ మాత్రలు రూ. 340 రేపు, పాప హాస్టల్ ఫీజు 14వ తేదీలోపు, గీజర్ రిపేరు, బోరు.

బోరు రెండువైపులా ఉంది. ఆయన చూసుకోలేదు. నేను వేలు పెట్టి చూపించాను, అంతే, ఏమీ అడగలేదు.

చాలాసేపటికి చెప్పారు. అన్న పొలంలో బోరు మీద బోరు వేయించాడు. చివరిది వెయ్యి అడుగులు దాటించినా దుమ్మే. ఈయన భార్య నగలు తాకట్టు పెట్టి ఇచ్చిన డబ్బు అందులో కొంత. అన్న ఇప్పుడు బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. పండక్కి కూడా రాడు. అన్నదమ్ములిద్దరూ ఆ మాట ఎత్తుకోరు, నగల సంగతి భార్యాభర్తలు ఎత్తుకోరు. ట్యాంకులోంచి కారే నీళ్లకి ఆ మనిషి ఎందుకు ఊగిపోతాడో నాకప్పుడు అర్థమైంది.

ఇక్కడ చదివేవాళ్లకి ఒక హెచ్చరిక. "అసలు సమస్య అన్న బోరు, ప్రపంచం గురించిన చింత దానికి ముసుగు" అని తీర్మానించడం మా వృత్తిలో చాలా సులువు, వినడానికి కూడా తెలివిగా ఉంటుంది. ఆ మాట ఆయన ముందు పెట్టి చూశాను. "అన్న బోర్లో నీళ్లు పడినా సముద్రం పెరిగేది పెరుగుతానే ఉంటుంది గదా సార్" అన్నారు. నిజమే కదా. రెండూ నిజమే, ఒకదాన్ని ఇంకోదాంట్లో కలిపెయ్యడానికి లేదు. నేను ఆ లైను అక్కడే వదిలేశాను. బోరుని కుడివైపుకి మార్చి, పక్కన "అన్నకి ఫోన్, ఆదివారం" అని మాత్రం రాయించాను.

ఏవి పని చేశాయి

ఆ ఫోన్ మూడు ఆదివారాలు వాయిదా పడింది. ఏం మాట్లాడాలన్నది ఇక్కడ కూర్చుని రెండుసార్లు ప్రాక్టీస్ చేశాం, ముందుగా అప్పు మాటెత్తకూడదని, ఆరోగ్యం అడిగి పెట్టెయ్యాలని. అంతే చేశారు. అన్న ఏడ్చాడట. నగలు విడిపించే లెక్క ఆ తర్వాత భార్యతో కూర్చుని వేసుకున్నారు, దాని వివరాలు ఇక్కడ అక్కర్లేదు.

రోజువారీ పనుల్లో ఒకటే నియమం: పొద్దున వార్తలు తెరిచే ముందు కుడివైపు పని ఒకటి అయిపోవాలి. చిన్నదైనా పర్లేదు, మాత్రలు తేవడమైనా సరే. ఎందుకు ముందు అది? ఇంటి పనులు లోకం కన్నా ముఖ్యమని నేను అనలేదు, అంటే మళ్లీ డిబేట్. వాటికి గడువుంది, అంతే. ఎడమవైపు తేదీ కాలమ్ ఎన్ని రోజులు రాసినా ఖాళీగానే ఉందని ఆయనే గమనించి చెప్పారు.

దీనికంటే ఆయనకి గట్టిగా తగిలింది భార్య మాట. ఇద్దరినీ కూర్చోబెట్టిన రోజు ఆయన ఎప్పట్లా "ఇట్లాంటి టైంలో చింతపండు రేటు గురించి ఎట్ల మాట్లాడతావు?" అన్నారు. ఆమె గొంతు పెంచకుండానే, "లోకం మునిగేటప్పుడు మునుగుతుంది. అంతవరకూ బియ్యం కావల్ల గదా. నువ్వు లోకం చూసుకో, నేను వద్దనను. బియ్యం ఎవురు చూడల్ల చెప్పు" అన్నారు. ఆయన లోకం గురించి బాధపడే హక్కు, ఇంటి పని మొత్తం ఆమె మోయడం వల్ల దొరుకుతోంది. నేను నెలలు తంటాలు పడినా ఇంత సూటిగా పెట్టలేకపోయేవాణ్ణి. ఆ రోజు పనులు పంచుకున్నారు, గ్యాస్, కరెంటు, మాత్రలు ఆయనవి.

ఎడమవైపుకి కూడా ఏదో ఒక పని కావాలి, లేకపోతే అది వట్టి భయంగానే మిగులుతుంది. మన జిల్లాల్లో ఒక అనుభవం ఉంది. 2000ల దశకంలో ఏపీఫామ్స్ అనే ప్రాజెక్టు కింద అనంతపురం, కడప, కర్నూలుతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఉన్న నీళ్లకి ఏ పంట తగునో ఊరంతా కూర్చుని లెక్క వేసుకున్నారు. ఆయనకది గుర్తుంది. స్కూల్లో పిల్లలతో వానమాపకం పెట్టిస్తానన్నారు. వాతావరణ శాఖ పద్ధతిలోనే పొద్దున 8:30కి రీడింగ్. ఒక మిల్లీమీటర్ వాన పడితే చదరపు మీటరుకి ఒక లీటరు, వంద చదరపు మీటర్ల మిద్దె మీద మన సగటు వానకి ఏడాదికి 55 వేల లీటర్లు పడుతుంది, అందులో ఎంత పట్టుకోగలమో పిల్లల చేత లెక్కలు చేయించారు.

నాకున్న అనుమానం, ఇది కొత్త చెకింగ్ అలవాటుగా మారుతుందని. కొంతవరకు మారింది కూడా, రాత్రి వాతావరణం యాప్ తెరవడం మొదలైంది. అందుకని రోజుకి ఒక్క రీడింగే, అదీ పిల్లలు చదివి చెప్తే ఆయన రాసుకోవాలని పెట్టాం. ఫోన్ చార్జర్ హాల్లోకి మారింది. ఇది వినడానికి చాలా మామూలుగా ఉంటుంది కానీ రాత్రి మూడింటి చదువు ఆగింది దీనివల్లే.

తోటి కౌన్సెలర్లకి ఈ కేసు నుంచి చెప్పాలనుకున్నవి చాలావరకు పైన చెప్పేశాను. ఒకటి మిగిలింది. లోకం గురించి బెంగపడే మనిషి వస్తే ఇంట్లోవాళ్లతో విడిగా మాట్లాడండి. కరెంటు పీకిన సంగతి, మాత్రల సంగతి ఆయన నోట ఎప్పటికీ వచ్చేవి కావు, దాచాలని కాదు, అవి చెప్పదగ్గ సంగతులని ఆయనకి అనిపించవు. వాటిని ముందు పెట్టకుండా ఆయన ఎడమవైపు కాలమ్‌తోనే కూర్చుంటే మంచి సంభాషణ జరుగుతుంది, బిల్లు మాత్రం కట్టరు. ఇంకో సంగతి, రాత్రిపూట ఆలోచనలు చనిపోవడం వైపు తిరిగితే ఆలస్యం చెయ్యకుండా 14416కి, అంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యమని మొదటి రోజే ఆయన ఫోన్లో సేవ్ చేయించాను. చదివేవాళ్లూ సేవ్ చేసుకోవచ్చు.

తర్వాత

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది. హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు మన జిల్లాకి వచ్చేది ఆ డ్యామ్ నుంచే. ఇప్పుడు లోకం చింత, ఇంటి చింత ఒకే వార్తలో వచ్చాయి, ఎడమా కుడీ అన్న గీత పనికిరాదు. ఆయన రెండు రాత్రులు నిద్రపోలేదు, మర్నాడు నాకు ఫోన్ చేశారు. నిజంగా భయపడాల్సిన వార్తకి భయపడితే దాన్ని రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టడం అనను. నేనడిగింది ఒకటే, ఈ వారం కుడివైపు పనులు ఆగాయా? కూతుర్ని హాస్టల్లో దింపాల్సిన రోజు అదే వారంలో ఉంది. దింపి వచ్చారు, బస్సులో వార్తలు చూస్తూనే అయినా. ఓ వారంలో గేటు చోట అడ్డంగా పెట్టే స్టాప్‌లాగ్‌లు దించి నీళ్లు ఆపారు, ఆయన నిద్ర కూడా దాదాపు అప్పుడే దారిలో పడింది.

చివరిసారి చూసినప్పుడు జీఏడీ-7లో 7. మందు తగ్గించడం సైకియాట్రిస్ట్ చేతిలో ఉంది, తొందరేం లేదన్నారు. కూతురు మాట్లాడుతోంది కానీ ఆ సీటు కౌన్సెలింగ్ సంగతి వస్తే ఇద్దరూ మాట మారుస్తారు, దాని మీద ఇంకా పని ఉంది. ట్యాంకు నిండితే తనంతట తానే మోటరు ఆగిపోయే స్విచ్ పెట్టించాలని నోట్‌బుక్‌లో కుడివైపు రాసుకున్నారు, తేదీ మూడుసార్లు కొట్టేసి ఉంది. ఎలక్ట్రీషియన్ రావట్లేదంటారు ఆయన. పిలవట్లేదంటుంది ఆమె.